రాణివాసంలో నీటిమొక్క

పరపురుషుల కన్ను పడకూడదని రాజావారు రాణివాసం కిటికీలకు మేకులు కొట్టించారు. రాణి పాలిపోతే వైద్యుడి చేత చేదుమందులు మింగించారు. పొద్దుపోవడానికి ఆమె గదిలో గాజుతొట్టె పెట్టించి అందులో చేపల్నీ మొక్కల్నీ వేయించారు. మొక్కలన్నీ కుళ్లిపోయాయి.

చెరువులో నీటిమొక్కలు తీసి అమ్ముకునే గవరమ్మను పిలిపించారు. "రోగిష్టి మొక్కలు అంటగడతావే? ఇకమీదట చెరువులో దిగావంటే ఊరుకోను!"

"తెల్లటి వేళ్లు, కొత్త చిగుళ్లు చూసి ఏరుకున్నది తమరే కదా ప్రభూ! రోగం మొక్కదో గదిదో ఇప్పుడే తేల్చేద్దాం. రేపంతా తమరు ఆ గదిలో కూర్చోండి. హాయిగా ఉంటే తప్పు నాదే."

"ఓస్, ఇంతేనా!"

మర్నాడు మధ్యాహ్నానికల్లా రాజావారు తలుపులు బాదారు. "ఊపిరాడటం లేదు, కిటికీలు తెరవండ్రా!"

మేకులు ఊడాయి. ఎండ తొట్టెలోకి దూకింది.

"రోగం ఎవరిది ప్రభూ?" అంది గవరమ్మ.

"గదిదేలే," అని గొణిగారు రాజావారు.

"మరి ఇన్నాళ్లూ మందు నాకెందుకు పోయించారు?" అంది రాణి.