వరహాలయ్య మజ్జిగ పందిరి

"ఉప్పు తెలుపు, కొంగ తెలుపు..." ఆపై చరణం గుర్తు రావడం లేదు గాని, అది పాడే ఉప్పుమళ్ల కూలి పైడమ్మ కథ గుర్తుంది.

కామందు వరహాలయ్య కూలీలకు కూలిగా కొలిచే చోళ్లలో, అంటే రాగుల్లో, రోజుకు సోలెడు కోసి, ఆ మిగులుతో మళ్ల పక్కన మజ్జిగ పందిరి వేశాడు. ఇళ్లలో పిల్లల అంబలి పలచబడింది. పందిట్లో మజ్జిగ చిక్కబడింది. ఎంత దయో చూడండి!

"వ్యాపారంలోనూ ధర్మం ఉండాలి ప్రభూ" అంటూ బిరుదు కోసం రాజుగారినే పిలిపించాడు.

రాజుగారు పైడమ్మను అడిగారు. "మీ కామందు ధర్మాత్ముడేనా?"

"మజ్జిగ మా చోళ్లదే మారాజా, బిరుదూ మాకే ఇప్పించండి. పోసినందుకు బాబుగారికి కూలి ఇప్పించండి."

రాజుగారు నవ్వి బిరుదు పళ్లెం వెనక్కి పంపారు. వరహాలయ్య పైడమ్మ మీద మండిపడ్డాడు. "అయితే పందిరి పీకెయ్యమంటావా?"

"పీకెయ్యండి బాబూ. మా చోళ్లు మాకు కొలిచేస్తే మజ్జిగ మేమే తెచ్చుకుంటాం. దాహమేస్తే తమరికీ ఓ చెంబు పోస్తాం."