పనసకాయంత పెట్టెలో వేలెడు చాకు

నల్లవాగు ఒడ్డున మొర్రిచెట్ల అడవి ఉంది. అందులో కుందేళ్ళు, అడవిపందులు, లేళ్ళు, ముంగిసలు కలిసిమెలిసి ఉండేవి. వారానికోసారి వాగు పక్క బండల మీద సంత జరిగేది. ఆ సంతలో వెదురు చాకులు అమ్మేది ఇద్దరే. ఒకరు ఏదుపంది, ఇంకొకరు కొండముచ్చు.

ఇద్దరి చాకులూ మంచివే. గడ్డలు కోయాలన్నా, తీగలు తెంపాలన్నా ఏదీ తీసిపోదు. కానీ ఏదుపంది చాకును మోదుగాకులో చుట్టి, నారతో ముడివేసి, "జాగ్రత్త తల్లీ, పదునుగా ఉంది" అంటూ చేతికిచ్చేది. ఆ మంచి మాట కోసమే అందరూ ఆమె దగ్గరికి వెళ్ళేవారు. చాకుకు బదులు తేనె, ఇప్పపూలు ఇచ్చేవారు.

కొండముచ్చుకు అది చూస్తే కడుపు మండిపోయేది. ఆమె ముందున్న తేనె దొప్పలు గుర్తొస్తే నోట్లో ఉన్న పండు కూడా చేదయ్యేది. "ఆకులో చుట్టి ఇవ్వడం కూడా ఒక గొప్పేనా? నేనేమిటో చూపిస్తాను" అనుకున్నాడు.

అడవి అంచున బాట ఉంది. మనుషులు ఇంటి పనిముట్లు కొనుక్కుని, అవి వచ్చిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలను, నైలాను తాళ్ళను అక్కడ గుట్టలుగా పారేసేవారు. కొండముచ్చు వాటిని మోసుకొచ్చాడు. వేలెడు చాకును ఒక పెట్టెలో పెట్టాడు. ఆ పెట్టెను ఇంకో పెట్టెలో, దాన్ని మరో పెట్టెలో పెట్టి తుమ్మజిగురుతో అతికాడు. పైన నైలాను తాడు బిగించాడు. చివరికి పనసకాయంత అయింది.

సంతలో అందరూ మూగారు. "అబ్బో, లోపల ఎంత పెద్ద చాకు ఉందో!" అన్నాయి లేళ్ళు. ముసలి అడవిపంది మాత్రం "పైన పటారం, లోన లొటారం" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు తేనె దొప్పలన్నీ కొండముచ్చు ముందే చేరాయి. వాటిని చూసి కాదు, ఏదుపంది ముందు ఖాళీగా ఉన్న బండను చూసి అతడు మురిసిపోయాడు.

మరుసటి సంతకు కుందేలు వచ్చింది.

"మామా, నీ చాకు బాగుంది. కానీ పెట్టె ఎంతకీ ఊడలేదు. చివరికి ఏదక్క చాకుతో కోస్తే గానీ రాలేదు."

ఆ మాటతో కొండముచ్చుకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. తన పెట్టె తెరవడానికి ఆమె చాకు కావాలా! "ఏదుపంది చాకుకు లొంగని పెట్టె చేస్తాను" అని పంతం పట్టాడు. ఇంకా మందమైన పెట్టెలు తెచ్చాడు, ఇంకా చిక్కటి జిగురు పూశాడు. వరుసలో ఒక పెట్టె తక్కువైతే ఆమె ముందు చిన్నబోతానని, ఇంట్లో వాడుకునే చాకును కూడా పెట్టెలో పెట్టి అతికేశాడు. అతడి చెట్టు కింద మిగిలిపోయిన పెట్టెలూ తాళ్ళూ కుప్పగా పెరిగాయి.

ఒక ఉదయం అతడి కూతురు తురాయి ఆ కుప్ప మీదికి గెంతి ఆడుకుంటోంది. కాలు జారింది. చిక్కుపడిన తాడు మెడకు బిగుసుకుంది. గింజుకున్నకొద్దీ ఇంకా బిగిసింది.

"నాన్నా..." అని మాత్రం అనగలిగింది.

కొండముచ్చు ఒక్క దూకు దూకాడు. తాడును కొరికితే పళ్ళు జారాయి. చాకు కోసం ఒక పెట్టెను బండకేసి కొట్టాడు, పగల్లేదు. ఇంకోదాన్ని చీల్చబోతే అంచు కోసుకుని చేయి రక్తమైంది. చుట్టూ అన్నీ చాకులే. చేతికి అందేది ఒక్కటీ లేదు.

వాగు అవతలే ఏదుపంది ఇల్లు. పిలిస్తే వస్తుంది. కానీ ఆమెనా పిలవడం? అప్పుడు కూడా పంతం వదల్లేదు. ఇంకో పెట్టె అందుకున్నాడు. ఇంతలో తురాయి కళ్ళు తేలవేసింది.

"ఏదక్కా! నా బిడ్డ పోతోంది, రా అక్కా!" అని అడవి దద్దరిల్లేలా అరిచాడు.

ఏదుపంది పరుగున వచ్చింది. మోదుగాకు విప్పింది, తాడు కోసింది. అంతే. తురాయి దగ్గి, ఊపిరి పీల్చి, ఆమెను హత్తుకోబోయింది. "వద్దు తల్లీ, ముళ్ళు గుచ్చుకుంటాయి" అని ఆమె నవ్వుతూ వెనక్కి జరిగింది.

తర్వాత ఆ చాకును మళ్ళీ ఆకులో చుట్టి కొండముచ్చు చేతిలో పెట్టింది. "ఉంచుకో తమ్ముడూ. నీ పెట్టెలు విప్పుకోవడానికి పనికొస్తుంది. జాగ్రత్త, పదునుగా ఉంది."

కొండముచ్చు తల ఎత్తలేకపోయాడు. పిలవడానికి ఆలస్యం చేసిన ఆ క్షణం తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాతి సంతలో ఏదుపంది పక్కనే ఇంకో మోదుగాకుల కట్ట కనిపించింది. దాని వెనక కొండముచ్చు కూర్చుని, నారతో ముడి వేయడం ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడు.

నీతి: పక్కవారిని చూసి ఓర్వలేక చేసిన ఆర్భాటం, అవసరానికి మన చేతులనే కట్టేస్తుంది.