రాయుడికి పద్దెనిమిది మచ్చలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అడవిదున్నల మంద. ఆ మందకి పెద్ద రాయుడు. ఒరేయ్, ఆ మూల గిల్లుకోవడం ఆపండి. లేకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

రాయుడంటే ఎంత ఉంటాడనుకున్నారు? మన వీధి గుమ్మంలో పట్టడు. "నాకు బుద్ధెరిగాక తుమ్ము కూడా రాలేదు" అని రోజుకి మూడుసార్లు చెప్పేవాడు. అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు.

ఆ మందలో ఒక ఆచారం ఉంది. రోజూ పొద్దున్నే కొండ కింద ఉప్పుమట్టి దిబ్బ దగ్గరికి వెళ్ళి అందరూ ఉప్పు నాకాలి. ముందు పెద్ద నాకాలి. ఆయన తల తిప్పేదాకా ఇంకెవరూ నాలుక బయటపెట్టకూడదు. ఎంతసేపు నాకితే అంత పెద్దరికం. రాయుడు మొదలుపెడితే ఎండ చురుక్కుమనేదాకా తల తిప్పేవాడు కాదు. వెనక దూడలు చొంగ కారుస్తూ నిలబడేవి. బొల్లన్న అనే ఇంకో దున్న మాత్రం 'ఈయన ఎప్పుడు తగ్గుతాడా, నాకు పెద్దరికం ఎప్పుడొస్తుందా' అని కాచుకుని ఉండేవాడు.

రాయుడికి ఒక అత్తగారు ఉంది, తిరపతమ్మ. ఆవిడకి రోజుకో జబ్బు. సోమవారం మోకాళ్ళు, మంగళవారం నడుం, బుధవారం గుండెదడ. ఒకనాడు, "అల్లుడుగారూ, నాకు బీపీ వచ్చిందేమో. డాక్టరమ్మకి చూపించండి" అంది.

"పదండి అత్తయ్యగారూ" అన్నాడు రాయుడు, మూతి పక్కకి తిప్పి నవ్వుకుంటూ.

ఆ అడవికి డాక్టరమ్మ టకటకమ్మ అనే వడ్రంగిపిట్ట. మానులో పురుగు నడిస్తే బయటినుంచే వినేది. ఆవిడ దగ్గర కాంపౌండరు కొండచిలువ మెలికయ్య. పనిలో ఉండగా ఎవర్నీ మింగనని ఒట్టేశాకే ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళ ముందుకాలికి మెలికయ్య చుట్టుకుని, మెల్లగా బిగిస్తాడు. టకటకమ్మ చెవి ఆనించి నాడి వింటుంది. చప్పుడు ఆగగానే "చాలు" అంటుంది. అప్పటికి మెలికయ్య ఒంటిమీద మచ్చలు ఎన్ని కాలికి చుట్టుకున్నాయో చూస్తారు. పన్నెండైతే బాగున్నట్టు. పద్నాలుగు దాటితే బీపీ ఉన్నట్టు.

మెలికయ్యని చూడగానే తిరపతమ్మ నాలుగు అడుగులు వెనక్కి వేసింది.

"అమ్మో! నేను చుట్టించుకోను. అల్లుడుగారూ, ముందు మీరు చుట్టించుకోండి. మీరు బతికి బట్టకడితే అప్పుడు చూద్దాం."

"ఇంతేనా!" అని రాయుడు కాలు చాపాడు. "కానివ్వండి. ఆవిడకి ధైర్యం రావాలి."

మెలికయ్య చుట్టాడు. బిగించాడు. పన్నెండు మచ్చలు దాటాయి. పద్నాలుగు దాటాయి. టకటకమ్మ "చాలు" అనలేదు. పదహారు. పదిహేడు. ఇంకొకటి కూడా చుట్టుకున్నాక, అప్పుడు "చాలు" అంది.

"పద్దెనిమిది. రాయుడుగారూ, మీకు బీపీ ఉంది."

"నాకా!" రాయుడు ఇంతెత్తున లేచాడు. "నేను వచ్చింది తోడుగా! కొండెక్కి వచ్చాను కదమ్మా, అందుకే."

"కావచ్చు. ఒక్కసారి చూసి నేనూ తేల్చను. మూడు రోజులు వరసగా రండి."

తర్వాత తిరపతమ్మకి చూశారు. సరిగ్గా పన్నెండు. చంటిదూడ నాడిలా ఉందన్నారు. ఆవిడ మొహం మాడిపోయింది.

"సరిగ్గా చూశారా? ఇంకో రెండు మచ్చలు బిగించి చూడండి" అంది.

రెండోరోజు రాయుడు అరగంట నీడలో కూర్చుని మరీ కాలు చాపాడు. పద్దెనిమిది. "దారిలో ఆ కొండముచ్చు వెక్కిరించింది. కోపం వచ్చింది" అన్నాడు. మూడోరోజు కొండముచ్చు లేని దారిన వచ్చాడు. పందొమ్మిది. "మీ పామే తప్పు!" అని అరిచాడు.

మెలికయ్యకి కష్టమేసింది. "పన్నెండేళ్ళుగా చుడుతున్నాను బాబూ. ఇలాంటి మాట ఎవరూ అనలేదు" అన్నాడు.

టకటకమ్మ మాత్రం నెమ్మదిగా చెప్పింది. "మీకు పైకి ఏమీ తెలియదు, ఎక్కడా నొప్పి ఉండదు. దీంతో వచ్చిన చిక్కే అది. ఉప్పు మూడు నాకులకి మించొద్దు. రోజూ ఈ చేదాకు తినాలి. బాగుందనిపించినా మానకూడదు. లేకపోతే ఒకరోజు గుండె మీదకో తల మీదకో వస్తుంది."

రాయుడి గుండె జల్లుమంది. జబ్బు గురించి కాదురా! మూడు నాకులకే తల తిప్పితే మంద ఏమనుకుంటుంది? బొల్లన్న ఊరుకుంటాడా?

"అత్తయ్యగారూ, ఈ మాట ఎవరికైనా చెబితే నా మీద ఒట్టే" అన్నాడు.

పాపం తిరపతమ్మ! ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఇంత మాట దాచుకోవాలంటే మాటలా? రెండు రోజులు గడ్డి కూడా సరిగా తినలేదు. ఎవరైనా "ఏంటి పిన్నీ సంగతులు?" అంటే చాలు, మూతి బిగించి అవతలికి పరిగెత్తేది.

రాయుడు చేదాకు ఒక్కపూట తిని ఉమ్మేశాడు. ఉప్పుదిబ్బ దగ్గర, ఎవరికీ అనుమానం రాకూడదని మునుపటికంటే రెట్టింపు నాకాడు.

మూడోనాడు మంద నీళ్ళకి బయల్దేరింది. రెండు కొండల మధ్య సన్నని దారి. ఒక దున్న మాత్రమే పట్టే దారి. ముందు రాయుడు, వెనక అందరూ. పెద్దని దాటి ఎవరూ వెళ్ళకూడదు, అదీ ఆచారమే.

దారి మధ్యలో రాయుడికి కళ్ళు బైర్లు కమ్మాయి. తల దిమ్మెక్కింది. ముందుకాళ్ళు మడతపడ్డాయి. దభీమని కూలబడ్డాడు. రెండు కొండల మధ్య సీసాకి బిరడాలా ఇరుక్కుపోయాడు.

ముందుకి దారి లేదు. వెనక ముప్పై దున్నలు, దాహంతో దూడలు. "పెద్దాయన ఆలోచిస్తున్నారు" అన్నారు ఒకరు. "ఏదో ఎత్తు వేస్తున్నారు" అన్నారు ఇంకొకరు. రాయుడికి లేవాలని ఉంది, ఒళ్ళు మాట వినడం లేదు. 'అయ్యో, ఇక్కడే పోతానా? మూడు నాకులకి సిగ్గుపడి ప్రాణం పోగొట్టుకుంటానా?' అని మొదటిసారి భయపడ్డాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

వరసలో రాయుడి వెనకే ఉన్న తిరపతమ్మ ఆ వాలకం చూసింది. ఇంక ఆగలేదు.

"ఒట్టూ లేదు, గిట్టూ లేదు! మా అల్లుడికి బీపీ! పందొమ్మిది మచ్చలు! ఎవరైనా పరిగెత్తి డాక్టరమ్మని పిలవండర్రా!"

కొండలు రెండూ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాయి. అడవంతా వింది. రాయుడు కళ్ళు మూసుకున్నాడు.

టకటకమ్మ ఎగిరి వచ్చింది. మెలికయ్య పాక్కుంటూ వచ్చాడు. నోట్లో చేదాకు పెట్టారు, నెమ్మదిగా ఊపిరి తీయమన్నారు. అదృష్టం బాగుండి పెద్ద ముప్పు తప్పింది. సాయంత్రానికి రాయుడు లేచి నిలబడ్డాడు. బొల్లన్న ఎదురుగా వచ్చి నిలుచున్నాడు.

"ఇంకేముంది, పెద్దరికం తీసుకో" అన్నాడు రాయుడు తల వంచి.

బొల్లన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దరికం సరే గానీ మామా, ఆ చేదాకు నాకూ రెండు ఇప్పించు. నాకూ పోయినేడు పదహారు వచ్చింది. మీరంతా నవ్వుతారని చెప్పలేదు."

"నాకూ!" అంది వెనకనుంచి ఒక గొంతు. "నాకు పదిహేడు" అంది ఇంకొకటి.

అప్పుడు తిరపతమ్మ ముందుకొచ్చింది. "ఉప్పు నాకేవాడు పెద్ద ఏంట్రా? దారి చూపేవాడు పెద్ద. రేపట్నుంచి అందరికీ మూడే నాకులు."

మర్నాడు రాయుడు మూడు నాకి తల తిప్పాడు. పెద్దరికం ఎక్కడికీ పోలేదు. దూడలకి మాత్రం పొద్దున్నే ఉప్పు దొరికింది. ఆ తర్వాత రాయుడు మెలికయ్య దగ్గరికి వెళ్ళి, "తప్పు నీది కాదయ్యా, నాది" అన్నాడు. మెలికయ్య పొంగిపోయి కాస్త గట్టిగానే చుట్టుకున్నాడు. చేదాకు మానకుండా తింటే, ఆ నెలాఖరుకి రాయుడికి పద్నాలుగే వచ్చింది.

తిరపతమ్మ ఇప్పటికీ వారం వారం వెళ్తుంది. ఇప్పటికీ పన్నెండే. "ఈ పాముకి నేనంటే పడదు" అంటుంది.

ఏమండోయ్, గోడ పక్కన కూర్చుని ఊరమిరపకాయ నములుతున్న తాతగారూ! విన్నారా? రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం. భయపడకండి, ముందు నేను కాలు చాపుతాను. అదే, చెయ్యి.

నీతి: నొప్పి లేదని జబ్బు లేదనుకోకు, ఉందని తెలిశాక పరువు కోసం దాచుకోకు.