జట్కా చెంచయ్యకి దొరికిన ఒంటి బేరం

వేటపాలెం దాటి సముద్రం వైపు వెళ్తే జీడిమామిడి తోపుల మధ్య ముసలి గుర్రాల పాక ఒకటుంది. పరుగు పందేల్లో కాలు దెబ్బతిన్నవి, పెళ్ళి ఊరేగింపుల్లో నడుం పట్టేసినవి, బళ్ళు లాగి లాగి మోకాళ్ళు అరిగినవి, ఎవరూ దిక్కులేక రోడ్ల మీద తిరుగుతూ దొరికినవి, అన్నీ అక్కడికే చేరతాయి. పశువుల డాక్టరుగా చేసి రిటైరైన వరాలమ్మగారు వాటిని చూసుకుంటుంది. పొద్దున్న దాణా, మధ్యాహ్నం పచ్చగడ్డి, సాయంత్రం ఇసుకలో పొర్లాట. గుర్రానికి ఇంతకన్నా ఏం కావాలో మీరే చెప్పండి.

చెంచయ్యకి మాత్రం కావాలి. పని కావాలి.

చెంచయ్య చీరాల స్టేషను ముందు జట్కా లాగిన గుర్రం. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక, యజమాని కళ్ళు తుడుచుకుంటూ తీసుకొచ్చి ఇక్కడ అప్పజెప్పి వెళ్ళాడు. అప్పట్నించీ చెంచయ్య తెల్లారగానే గేటు దగ్గరకెళ్ళి, బండి కట్టుకోవడానికి వీలుగా తల వంచుకుని నిలబడతాడు. ఎవరూ వచ్చి కట్టరు. కాసేపు చూసి వెనక్కొస్తే గాడి నిండా దాణా ఉంటుంది. తింటాడు గానీ, ఊరికే తింటున్నాననే దిగులు ముద్ద ముద్దకీ గొంతులో అడ్డం పడుతుంది.

"అన్నా, తినేటప్పుడైనా ఆ మొహం కాస్త విప్పవయ్యా" అంటుంది పక్క గాడి మెహతాబ్. ఆవిడ గుంటూరులో పెళ్ళికొడుకుల్ని మోసిన తెల్ల గుర్రం. "నేనెంతమందిని మోశాను. ఒక్క పెళ్ళివారైనా నాకింత పెట్టారా? ఇక్కడ మొయ్యకుండానే పెడుతున్నారు. నోరుమూసుకుని తిను."

"నీకేమ్మా, ముహూర్తాలుంటే పని, మూఢం వస్తే సెలవు. నేనలా బతకలేదు. రైలొచ్చిందంటే స్టాండులో ఉండాలి."

"ఇక్కడ ఏ రైలూ రాదు."

"అదేగా నా బాధ" అనేవాడు చెంచయ్య.

ఆ గాడి మూలనే గరికమ్మ అనే పెట్ట గుడ్లు పొదుగుతోంది. మామూలు రోజుల్లో చెంచయ్య వీపెక్కి పిడుదులు ఏరి పెట్టేది. ఇప్పుడు పొదుగు మీదుంది కాబట్టి రాజ్యం ఆవిడదే. "తాతా, నీ మూతి పెద్దది, కాస్త అటు పెట్టుకుని తిను" అని కసిరితే, అంత గుర్రమూ బుద్ధిగా మూతి అటు తిప్పుకునేది. ఆ మూల గడ్డి పరకైనా ముట్టేది కాదు.

ఈ గరికమ్మ మీద తోపులో ఉండే నక్కకి కన్నుపడింది. పొదుగు మీదున్న కోడి లేచి పారిపోదని నక్కకి తెలుసు. వచ్చిన చిక్కల్లా నేలతో. అదంతా ఇసుక. కాలు పెడితే అచ్చు పడుతుంది, అచ్చులో వాసన మిగులుతుంది, వాసన పట్టుకుని సింగడు, బొగ్గు అనే రెండు కుక్కలు వెంటపడతాయి. పోయినేడు ఒకసారి అలాగే వచ్చి, తోక చివర కుచ్చు బొగ్గు నోట్లో వదిలేసి పోయింది. కాలు కింద పెట్టకుండా పాకదాకా పోయి రావడమెలాగా అని ఆలోచిస్తూ కంచె దగ్గర జీడి కొమ్మ మీద కూర్చుంటే, కొమ్మ కింద దిగాలుగా నిలబడి చెంచయ్య కనిపించాడు.

"పెద్దాయనా, భోజనమైందా?" అంది నక్క.

"అయింది. నువ్వెవరబ్బాయ్?"

"ఈ తోపులోనే ఉంటాను. మీకో మాట చెబుదామా వద్దా అని చూస్తున్నాను. నిన్న లారీ వచ్చింది, చూశారా?"

"చూశాను. గడ్డి దింపిపోయింది."

"దింపి ఊరికే పోయిందా? తిరుగు బేరం లేకుండా ఎవరైనా అంత దూరం బండి తిప్పుతారా? స్టాండులో బతికినవారు, మీకు నేను చెప్పాలా?"

చెంచయ్య లారీ పోయిన దారి వంక చూశాడు. నిజమే. తిరుగు బేరం చూసుకోకుండా బండి తోలినవాణ్ణి తన జన్మలో చూడలేదు.

"అయితే ఏం వేసుకుపోతోందంటావు?"

"ఏం కాదు, ఎవర్ని అని అడగండి. కూర్చుని తినేవాళ్ళని. డాక్టరమ్మ మంచిదేలెండి, ఆవిడ మాత్రం ఎంతమందికని పెడుతుంది? పనిచేసేవాళ్ళ జోలికి మాత్రం రారు."

"ఈ వయసులో నాకు పనెవరిస్తారు?"

"నేనిస్తాను" అంది నక్క. "మీ పాకదాకా పోయి రావాలి. గరికమ్మ పొదుగు మీదుందట, ఒకసారి పలకరించి వచ్చేస్తాను."

నక్క వెళ్ళి కోడిని పలకరించడమేమిటని చెంచయ్యకి అనిపించకపోలేదు. అనిపించింది. కానీ లారీ మాట చెవిలో మోగుతోంది. పైగా జట్కా మీద పెరిగిన బుద్ధి ఒకటుంది, ఎక్కేవాణ్ణి ఎక్కడికని అడగాలి గానీ ఎందుకని అడగకూడదు.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"ఒక్కడితో బండి కదలదబ్బాయ్. నిండాలి."

"ఒంటి బేరమనుకోండి. మిగతా సీట్లూ నావే."

"అలా అయితే సరే. ఎక్కు. అంత వెనక్కి కూర్చోకు, బరువు వెనక పడుతుంది. ముందుకు జరుగు. ఇంకాస్త."

నక్క కొమ్మ మీంచి వీపు మీదికి దిగింది. చెంచయ్య కదిలాడు. వీపు మీద బరువు, వెళ్ళాల్సిన చోటు, మెడ సాచి వేసే నడక. ఎంత కాలానికి. మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయాడు, ఒళ్ళంతా హాయిగా ఉంది. మిట్టమధ్యాహ్నం, డాక్టరమ్మ కునుకు తీస్తోంది. నీళ్ళ ట్యాంకు కింద నీడలో కుక్కలు పడుకున్నాయి. మెహతాబ్ నిలబడే నిద్రపోతోంది. ఇసుకలో గుర్రం డెక్కలు తప్ప ఇంకో అచ్చు పడలేదు.

పాకలోకి రాగానే నక్క గాడి మీదికి దూకింది. గరికమ్మ గుడ్ల మీంచి లేవలేదు, ముక్కుతో నాలుగు పోట్లు మాత్రం పొడిచింది. నక్క ఆవిడ రెక్క పట్టుకుని ఒక్క ఊపులో మళ్ళీ చెంచయ్య వీపు మీదికొచ్చేసింది.

"తాతా" అంది గరికమ్మ. అరవలేదు. "గుడ్లు చల్లారిపోతాయి తాతా."

చెంచయ్యకి అప్పుడు అర్థమైంది. దొంగని వీపున మోసుకొచ్చింది తనే. తనని నమ్మి తన గాడిలో పొదుగేసుకున్న కోడిని తనే పట్టించాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఒళ్ళు విదిలించి నక్కని కింద పడేద్దామంటే, కోడి డెక్కల కింద పడి నలిగిపోతుంది. కదిలి నడిచాడా, తోపులోకి పోయాక ఈకలు మిగులుతాయి. మరేం చెయ్యాలి? ఏమీ తోచనప్పుడు జట్కా గుర్రం ఏం చేస్తుందో అదే చేశాడు. కదలకుండా నిలబడ్డాడు.

"పదండి" అంది నక్క, పళ్ళ సందుల్లోంచి.

"పోదాం బాబూ. కంగారేముంది. నిండనీ."

"ఒంటి బేరమన్నాంగా."

"అది రావడానికి. తిరుగు బేరం వేరు. చీరాలలో ఎవర్నైనా అడుగు. ఖాళీ బండి ఎవరూ తిప్పరని ఇందాక నువ్వే అంటివి."

నక్క పక్కటెముకల మీద గోళ్ళు దించింది. మంట పుట్టింది గానీ చెంచయ్య జరగలేదు. వానలో, ఎండలో, కొరడా కింద కూడా నిండందే కదలని గుర్రం అది, నక్క గోళ్ళకి కదులుతుందా? దిగి పరుగెత్తుదామంటే బయటంతా ఇసుక, ఇసుక మధ్యలో ట్యాంకు, ట్యాంకు కింద కుక్కలు. నక్క ఆ వీపు మీదే ఇరుక్కుపోయింది.

అప్పుడు చెంచయ్య మెడ పైకెత్తి, ఇన్నేళ్ళూ యజమాని నోట విన్న కేక తనే వేశాడు.

"తోపు, తోపు, తోపూ. ఎక్కేవాళ్ళు ఎక్కాలి. రెండే సీట్లున్నాయి, రెండే సీట్లు. ఎక్కగానే పోతుంది బండి."

ఆ సకిలింపుకి పాకలో ఉన్న గుర్రాలన్నీ ఉలిక్కిపడి లేచాయి. సింగడు, బొగ్గు ఒళ్ళు విరుచుకుంటూ వచ్చారు.

"ఏంటి తాతా, మళ్ళీ బండి కట్టావా?" అన్నాడు సింగడు ఆవలిస్తూ.

"కట్టాను నాయనా. మీరిద్దరూ ఎక్కితే నిండిపోతుంది. పైన ఒకాయన లగేజీతో కూర్చుని ఉన్నాడు. కాస్త సర్దుకోండి."

"ఎవరాయన?" అని బొగ్గు మూతి పైకెత్తి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఈయన్ని నేనెరుగుదునే" అన్నాడు మెల్లగా.

నక్కకి దవడ వణికింది. గరికమ్మ జారి గడ్డిలో పడి, ఎవరి వంకా చూడకుండా పోయి గుడ్ల మీద కూర్చుంది. నక్క కంచె వైపు దూకబోయి నీళ్ళ గాబులో పడింది. అందులోంచి లేచి, ఇసుకలో దొర్లి, ఒళ్ళంతా ఇసుక అంటుకుని, కంచె సందులోంచి తోపులోకి పారిపోయింది. కుక్కలు వెనకాలే పోయాయి. ఎంత దూరం తరిమాయో గానీ, ఆ తర్వాత వేటపాలెం తోపుల్లో ఆ నక్కని చూసినవాళ్ళు లేరు.

గోలకి డాక్టరమ్మ చెప్పులైనా వేసుకోకుండా వచ్చింది. ఈకలు చూసింది, గాబు చూసింది, చెంచయ్య పక్కటెముకల మీద గోళ్ళ గీతలు చూసింది. ఇక తనని పంపించేస్తుందనుకుని చెంచయ్య తల వేలాడేశాడు. ఆవిడ గీతల మీద మందు పూసి, మెడ నిమిరి, "ఈ వయసులో నీకీ తంటాలెందుకయ్యా" అని, కాస్త బెల్లం కలిపిన తవుడు తేవడానికి లోపలికి వెళ్ళింది.

చెంచయ్య మెహతాబ్‌కి జరిగిందంతా చెప్పాడు, ఒక్కటీ దాచలేదు. "ఎంత తప్పు చేసినా చేశాను గానీ, ఆ నక్క చెప్పిందాంట్లో ఒకటి నిజమే కదమ్మా. లారీ తిరిగి ఖాళీగా పోదు కదా?"

"పోదు" అంది మెహతాబ్.

"మరి ఎవర్ని తీసుకుపోతోంది?"

"ఎవర్నీ కాదు. వెనకవైపు పెంటకుప్ప ఎప్పుడూ చూడలేదా? ఆ ఎరువు కోసం మల్లెతోటల వాళ్ళు కాచుకుని కూర్చుంటారు. గడ్డి తెచ్చిన లారీ నీ లద్దీ నా లద్దీ వేసుకుపోతుంది. పనిలేదు పనిలేదని ఏడుస్తున్నావు గానీ, ఆ కుప్పలో సగం నీదే అన్నా."

చెంచయ్య వెనకవైపు కుప్పకేసి మెడ తిప్పి చూశాడు. తర్వాత మెహతాబ్ ఎన్నడూ వినని నవ్వొకటి నవ్వాడు. డాక్టరమ్మ తవుడు తెచ్చి పెడితే, గరికమ్మ మూల వదిలిపెట్టి మిగతాదంతా అడుగంటా తిన్నాడు. గొంతులో ఏదీ అడ్డుపడలేదు.

కాబట్టి పిల్లలూ పెద్దలూ, మన మంచికేనంటూ భయం చెప్పడానికి వచ్చినవాణ్ణి, ముందు నీ ఆకలేమిటో చెప్పమని అడగాలి.