కోటమ్మ గొట్టానికి కాపడం పెట్టిన కథ

అనగనగా ఒక ఊళ్ళో, నోరు తెరిస్తే మాటతో పాటు పొగ కూడా వచ్చే మంచుకొండ ఊళ్ళో, ఒక తెలుగు సత్రం ఉండేది బంగారూ. అక్కడ వేణ్ణీళ్ళ బాయిలర్ చూసుకునేవాడు నాసరయ్య. ఆయన భార్య కోటమ్మ. ఇద్దరిదీ మన రెంటచింతలే. కోటమ్మని ఎండ గురించి అడిగితే పొద్దుగూకేదాకా చెబుతుంది. మంచు మాత్రం ఆవిడకి కొత్త.

అప్పుడు పురిటికొచ్చిన వాళ్ళ కూతురికి ఆడపిల్ల పుట్టింది. తెల్లారితే పురిటిస్నానం. తల్లికీ బిడ్డకీ గంగాళం నిండా వేణ్ణీళ్ళు కావాలి.

ముందురోజు సాయంత్రం నాసరయ్య సరుకులకని కింది ఊరికి వెళుతూ, "కుళాయిలు ముట్టుకోకు, అలాగే ఉండనీ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. సగం మాట చెప్పి చెప్పులేసుకోవడం ఆయనకి అలవాటు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, కోటమ్మ చెవిన టప్ టప్‌మని చప్పుడు పడింది. వంటింటి కుళాయి కారుతోంది. "కుళాయి కారితే ఇంట్లో లక్ష్మి కారిపోతుంది" అని బిగించేసింది. ఆ తర్వాత స్నానాలగదిలోది బిగించింది. ఆ తర్వాత వసారాలోది. దాన్నయితే కొంగు చుట్టి మరీ బిగించి, హాయిగా పడుకుంది.

తెల్లారి బాయిలర్ కింద కట్టెలు రాజేసి, కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. మిగతా రెండూ తిప్పింది. అవీ మూగనోము పట్టాయి. గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి రాయైపోయాయి మరి.

మంచు కరిగించొచ్చుగా అమ్మమ్మా అంటావేమో. అదీ చేసింది. గంపెడు మంచు కరిగితే చెంబెడు నీళ్ళయ్యాయి. అవి కాఫీకే చాల్లేదు.

అప్పుడు నాసరయ్య వచ్చాడు. వచ్చేసరికి బాయిలర్ మూలుగుతోంది. సంచి అక్కడే పడేసి, ముందు మంట లాగేశాడు. "గొట్టం మూసుకుపోతే మంట పెట్టకూడదే. ఇది పేలితే? గోడ అవతలే బాలింత ఉంది" అన్నాడు.

గోడ అవతల పసిబిడ్డ ఏడుస్తోంది.

"కదిలే నీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవు. అందుకే చుక్కలు చుక్కలుగా వదిలాను" అన్నాడు నాసరయ్య.

"ఆ ముక్క నిన్న చెప్పొచ్చుగా" అంది కోటమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

ఆ తర్వాత ఆయన గొట్టాన్ని కర్రతో తట్టి చూశాడు. లాభం లేకపోయింది. కాగడాతో కాలుద్దామంది కోటమ్మ. గొట్టం పగులుతుందని ఆయన వద్దన్నాడు. అప్పుడు ఆవిడకి తోచింది. బాలింతకి నడుం పట్టేస్తే ఏం చేస్తాం? కాపడం పెడతాం.

పాత నేతచీర మడతపెట్టి, పెనం మీద వేడిచేసి, గొట్టానికి కాపడం మొదలుపెట్టింది. "కుళాయి తిప్పే ఉంచు, కుళాయి వైపు నుంచే వెనక్కి రా. కరిగిన నీళ్ళకి దారుండాలి" అన్నాడు నాసరయ్య. ఈసారి మాట పూర్తిగానే చెప్పాడు.

ముందు ఒక చుక్క రాలింది. అప్పుడు ఇంకో చుక్క. ఆ తర్వాత దారమంత ధార. గొట్టం ఎక్కడా పగల్లేదు. అమ్మయ్య అని కోటమ్మ అక్కడే చతికిలబడి, తనివితీరా ఏడ్చింది.

మళ్ళీ బాయిలర్ రాజేశారు. తల్లీబిడ్డా స్నానాలు చేశారు, సాంబ్రాణి పొగ వేశారు. బాలింత చెవులకి గుడ్డ కట్టినట్టే గొట్టానికి గోనెపట్టాలు చుట్టారు. ఆ సాయంత్రం కుళాయిలు కోటమ్మే వదులు చేసింది. "లక్ష్మి పోవట్లేదులే, కాళ్ళు ఆడిస్తోంది" అంది. మనవరాలిని చుక్కమ్మా అని పిలిచింది.

ఆ బాలింతని నేనే. ఆ చుక్కమ్మ ఎవరనుకున్నావు? వంటింట్లో నీ పాలగ్లాసు కడుగుతోంది చూడు, మీ అమ్మ.

చుక్కా, ఆ కుళాయి గట్టిగా కట్టెయ్యవే. ఇది రెంటచింతల.

చుక్క కరిగి ధారాయె, ధారతోటి నీరాడె,
కథ కంచి దారి పట్టె, బంగారుతల్లికి నిద్ర పట్టె.