జిలాన్‌కు మాత్రమే తెరుచుకున్న పేజీ

నీ సైటును కొత్త సర్వరుకు మార్చేశానన్నావుగా తల్లీ, ఒక కథ విను. ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా, ఈ ఎనభై ఏళ్ల నోట్లో మిగిలిన ముప్పై రెండు పళ్లూ ఇప్పుడే ఊడి ఒళ్లో పడాలి.

తుంగభద్ర ఒడ్డున ఒక దర్గా. మతి చలించి ఇల్లు మరిచినవాళ్లకు అక్కడ ఖైరుల్లా బాబా ఇంత కూడు పెట్టి, చాప వేసేవాడు. శిష్యుడు జిలాన్ వాళ్ల ఫొటోలు వెబ్‌సైట్లో పెట్టేవాడు. అయినవాళ్లు చూసి, గుర్తుపట్టి, వచ్చి తీసుకుపోయేవాళ్లు. రోజుకు కోటిమంది చూసేవాళ్లనుకో.

ఆ సైటును జిలాన్ పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చి, పాతదాన్ని మూయించాడు. ఆ రోజు నుంచీ పేజీ రావడం లేదని ఫోన్ల మీద ఫోన్లు. జిలాన్ సర్వరును వెయ్యిసార్లు ఆపి వెయ్యిసార్లు నడిపించాడు. ఫైళ్లన్నీ తీసి మళ్లీ పేర్చాడు. తిండి మానేసి అగరుబత్తిలా అయిపోయాడు.

"నా దగ్గర తెరుచుకుంటోంది బాబా! పదకొండు రోజులుగా వెతుకుతున్నా, తప్పెక్కడా లేదు. జనం ఫోన్లే పాడు. ఇంక నావల్ల కాదు" అని తల పట్టుకున్నాడు.

అప్పుడే గడప దగ్గర ఒక ముసలాయన చెప్పులు విడిచాడు. ఉరుకుందప్ప, ఆదోని అవతలి పల్లె. చేతిలో అద్దం నూటపదహారు ముక్కలైన ఫోను.

"తప్పిపోయినోళ్ల ఫొటోలు ఇందులో ఉంటాయన్నారు సామీ. మా తమ్ముడు మారెప్ప తప్పిపోయి రెండేండ్లాయె. పది దినాలుగా నొక్కుతాండా. తెల్లగా తిరుగుతాది, అంతే. అందుకే బస్సెక్కి వచ్చినా."

"నీ డబ్బా ఫోన్లో రాదు పెద్దాయనా. నా దాంట్లో చూడు, ఎంత చక్కగా వస్తోందో!"

బాబా లేచాడు. జిలాన్ ముందున్న లాప్‌టాప్ తీసి ముసలాయన ఒళ్లో పెట్టాడు. పగిలిన ఫోను తెచ్చి జిలాన్ చేతిలో పెట్టాడు.

"నువ్వు దీంట్లో వెతుకు."

"ఎవరిని బాబా?"

"ఆయన తమ్ముణ్ణి."

జిలాన్ నొక్కాడు. తెల్లటి పేజీ. మళ్లీ నొక్కాడు. తెలుపే. మధ్యాహ్నం దాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి గుర్తొచ్చింది. సర్వరు మార్చేటప్పుడు, ముందు తాను సరిచూసుకుందామని కొత్త సర్వరు చిరునామాను తన లాప్‌టాప్‌లో మాత్రం రాసిపెట్టుకున్నాడు. సైటు పేరు కొడితే ఏ సర్వరుకు వెళ్లాలో లోకానికి చెప్పే చోట మార్చనే లేదు. ఇన్నాళ్లూ జనమంతా మూసేసిన పాత సర్వరు దగ్గరికే వెళ్లి తిరిగిపోతున్నారు.

"బాబా, నా ఒక్కడికే తెరుచుకుంది."



"మావోడే!" అన్నాడు ఉరుకుందప్ప. వేలు ఒక గడ్డం మనిషి ఫొటో మీద ఉంది. "నాకు సదువు రాదు నాయనా. కింద ఏం రాసినారు?"

జిలాన్ వంగి చూశాడు. 'పేరు తెలియదు. ఎవరు కనిపించినా అన్నా అని పిలుస్తాడు.' దాని కింద, మూడు రోజుల కిందట తనే చేర్చిన వరుస: 'జ్వరంతో పోయాడు. ఏటి ఒడ్డున పూడ్చాం.'

జిలాన్ బాబా వైపు చూశాడు.

"నువ్వు రాసిందే. చదువు" అన్నాడు బాబా.

ఏంటి తల్లీ, అలా కొయ్యబారిపోయావు? లే. బయట సోడా బండి దగ్గర ఎవరినైనా ఫోను అడిగి, నువ్వు మార్చిన ఆ నీ సైటు పేజీ వస్తోందో లేదో చూసి రా. నీ ఫోన్లో కాదు.