పక్కన పెట్టిన గొంతు

మనిషి మాటను యంత్రం ఎలా అర్థం చేసుకుంటుందో ఈ భూమ్మీద ఎవరేం రాసినా, అదంతా నేను చదివేశాను. అంటే, ప్రతి పేపర్లోనూ మొదటి పేజీ, చివరి పేరా. మధ్యలో గణితం ఉంటుంది. పెద్దలు ఎదురొచ్చినప్పుడు తప్పుకున్నట్టు దానికి గౌరవంగా దారిచ్చి ముందుకెళ్లిపోతాను.

అయినా సరే, మా స్పీచ్ ల్యాబ్‌లో నా అంత వేగంగా చదివేవాడు లేడు. నా కష్టమల్లా అదే. వేగంగా వెళ్లేవాణ్ణి నిదానంగా వచ్చేవాళ్లతో కలిపి కట్టేశారు.

కట్టింది మా గైడు జాన్ వెస్లీ సార్. తెలుగు మాటను గుర్తుపట్టే యంత్రాల మీద ఇంతవరకూ వచ్చిన పరిశోధనంతా చదివి, మేం కలిసి ఒక సమీక్షా వ్యాసం రాయాలన్నారు. దానికో పద్ధతి పెట్టారు. ఏ పేపరైనా ఇద్దరు చదవాలి. ఒకరు పైనుంచి కిందికి, ఇంకొకరు కిందినుంచి పైకి. రెండోవాళ్లు అడుగున ఉన్న ఫుట్‌నోట్లతోనే మొదలుపెట్టాలన్నమాట.

పైనుంచి నేను. కిందినుంచి అస్మా, నిజామాబాద్ అమ్మాయి. నేను పేపర్ మింగేసి, వ్యాసంలో పేరా రాసేసి, క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగొచ్చేసరికి తను ఇంకా ఆ చిన్నక్షరాల దగ్గరే ఉండేది.

ఇద్దరం రాసేది ఒకే ఫైల్‌లో. నా పేరాల పక్కన తను ప్రశ్నలు పెట్టేది. ప్రశ్న కింద ‘పరిష్కారమైంది’ అని ఒక టిక్కు ఉంటుంది. నొక్కితే ప్రశ్న మాయం. నేను నొక్కేవాణ్ణి. ఇంత హాయైన పరిష్కారం నాకు జీవితంలో ఇంకెక్కడా దొరకలేదు.

“అరే నాయుడూ, చదివి కొడుతున్నవా టిక్కు, ఉత్తగనే కొడుతున్నవా?” అని అడిగిందోసారి.

“నీ ప్రశ్న కనబడితే చాలు అస్మా, జవాబు నాకు తట్టేస్తుంది.”

“గట్లనా! మరి ఆ తట్టిందేందో నాక్కూడ చెప్పరాదు?”

“చెప్తే నీకు చదివే పనేముంటుంది?”

వ్యాసం పంపాల్సిన రోజు వచ్చింది. ముగింపు నేనే రాశాను. “నేడు యంత్రం తెలుగును అందరి నోటా అర్థం చేసుకుంటోంది. ఈ సమస్య దాదాపు తీరిపోయినట్టే.” చదువుకుని మురిసిపోయి, తిన్నగా సార్ దగ్గరికెళ్లాను.

“సార్, రచయితల్లో ముందు పేరు నాది పెట్టండి. ఎక్కువ చదివింది నేను, ఎక్కువ రాసింది నేను. అస్మా ప్రశ్నలు తప్ప ఏమీ రాయలేదు.”

సార్ అడిగారు, “ప్రశ్నలేవీ కనబడలేదే?”

“అన్నీ తీర్చేశాను సార్.”

ఆయన లేచి నాతోపాటు ల్యాబ్‌లోకి వచ్చారు. ఫైల్ తెరిచి, నేను మాయం చేసిన ప్రశ్నల్ని ఒక్కొక్కటే వెనక్కి తెచ్చారు. ప్రశ్నలు పైకి తేలుతున్నకొద్దీ నా తల కిందికి వాలింది.

చిత్రమేమిటంటే, చాలాచోట్ల తను అడిగింది ఒకటే. “వీళ్లూ ఒక మనిషిని పక్కన పెట్టారు. ఎందుకు?”

ఆ పేపర్ల వాళ్లందరూ తమ యంత్రాల్ని పరీక్షించింది ఒకే రికార్డింగుల మీద. వాటిని పరిశోధకులెవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మాట్లాడినవాళ్లకి పేర్లుండవు, నంబర్లే. ఒక నంబర్ గురించి మాత్రం అందరూ ఫుట్‌నోట్లో ఒకే ముక్క రాశారు: ఉచ్చారణ అస్పష్టం, అందుకని తొలగించాం.

సార్ ఆ రికార్డింగే వెతికి, స్పీకర్లో పెట్టారు.

ఎవరో కుర్రాడు. గుక్క తిప్పుకోకుండా గబగబా మాట్లాడుతున్నాడు. మా వ్యాసంలో మేం ఆకాశానికెత్తిన యంత్రానికి వినిపిస్తే, తెర మీద రెండు ముక్కలు పడి ఆగిపోయాయి.

“నాకైతే ఒక్క ముక్క సమజైతలేదు సార్,” అంది అస్మా.

సార్ ఓ కాగితం నా ముందుకు జరిపారు. “రాయి.”

రాశాను. ఎక్కడా ఆపమనలేదు, మళ్లీ వినిపించమనలేదు.

“మాయమ్మ సేతులకి బూడిద రాసీసుకుని జీడిపిక్కలు ఒలిసేత్తాది. నాను ఒలిస్తే సేతులు బొబ్బలెక్కిపోతాయి. ఆవిడికేటీ అవ్వదు…”

అలా చివరిదాకా రాసి సార్ చేతికిచ్చాను.

అస్మా కాగితంలోకి తొంగిచూసింది. “అబ్బో! నీకెట్ల సమజైంది?”

“మా శ్రీకాకుళం మాట!” అన్నాను. ఛాతీ దానంతటదే పొంగింది. “ఏరు పారినట్టు ఉంటుంది. అర్థం కాలేదంటే తప్పు నోటిది కాదు, చెవిది. ఈ కుర్రాణ్ణి పట్టుకుని అస్పష్టం అంటారా వీళ్లు?”

“గంత మంచిగుంటే, నువ్వెన్నడు ఇట్ల మాట్లాడంగ నేను ఇనలేదేంది?”

ఎలా వింటుంది? హైదరాబాద్ వచ్చిన కొత్తలో హాస్టల్ అద్దం ముందు నిలబడి, వార్తలు చదివేవాళ్లలా నాలుక దిద్దుకున్నవాణ్ణి. అచ్చు పుస్తకంలా మాట్లాడతావని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయినవాణ్ణి.

సార్ నా ముగింపు వాక్యం మీద వేలు పెట్టారు.

“అందరి నోటా అన్నావు. మరి ఇతనెవరు?”

స్పీకర్లో రికార్డింగు మళ్లీ మొదటికొచ్చి, కుర్రాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ భయమూ లేదు వాడికి. వాళ్లమ్మ చేతుల గురించి చెబుతుంటే గొంతులో ఎంత గర్వమో.

“డిగ్రీలో ఉన్నప్పుడు మా కాలేజీకి ఎవరో మైకు అట్టుకొచ్చినారు సార్,” అన్నాను. “నోటికొచ్చింది మాటాడితే మిరపకాయ బజ్జీలెడతామన్నారు.”

అస్మా స్పీకర్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది. సార్ ఇంకా జవాబు కోసమే ఎదురుచూస్తున్నారు.

“నానే సార్.”